చిన్న వెబ్‌సైట్‌కి జేక్వెరీయా, ఆల్పైనా, హెచ్‌టీఎంఎక్సా, అసలేదీ వద్దా?

మంగళగిరి చేనేత చీరలు అమ్మే ఒక కుటుంబానికి వెబ్‌సైట్ నేనే చూసిపెడుతుంటాను. మొదట్లో అది నాలుగు పేజీలు, ఒక ఫోన్ నంబరు, అంతే. ఒక దసరాకి ముందు వాళ్లు కాగితం మీద రాసిచ్చిన కోరికలు ఇవి. ఫోన్‌లో మెనూ మడిచి ఉండాలి, నొక్కితే తెరుచుకోవాలి. ఫొటో నొక్కితే పెద్దదవ్వాలి. అందరూ అడిగే ప్రశ్నలకు జవాబులు ప్రశ్న కిందే విచ్చుకోవాలి. రంగు, ధర, అంచు చూసి చీరలు వడగట్టుకునే వీలుండాలి. తెలుగులో వెతకగలగాలి. "ఈ చీర ఉందా?" అని అడిగే ఫారం పేజీ మారకుండానే వెళ్లాలి.

లైబ్రరీ అంటే పేజీని కదిలించే జావాస్క్రిప్ట్ భాషలో ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్. జేక్వెరీ, ఆల్పైన్, హెచ్‌టీఎంఎక్స్ మూడూ అలాంటివే. ఇలాంటి కాగితం చేతికి రాగానే "ఏ లైబ్రరీ వాడదాం?" అనేస్తాం. నేను దానికంటే ముందు ఇంకొకటి అడుగుతాను: ఈ పని జరగాలంటే పేజీ ఏం గుర్తుపెట్టుకోవాలి? ఆ గుర్తు ఎక్కడ ఉంటుంది? మెనూ తెరిచి ఉందా మూసి ఉందా అన్నది ఒక్క ముక్క. దాన్ని బ్రౌజరే గుర్తుపెట్టుకోగలదు. వడపోతలో రంగు, ధర, అంచు మూడూ కలిసి ఫలితాన్ని మారుస్తాయి. ఆ గుర్తు పేజీలోనే ఉండాలి, నాలుగు చోట్ల కనిపించాలి. చీర స్టాకులో ఉందా లేదా అన్నది సర్వర్‌లోని డేటాబేస్‌కే తెలుసు. ఇవి మూడు వేర్వేరు రకాల పనులు. అన్నిటికీ ఒకే లైబ్రరీని నమ్ముకున్నప్పుడే చిన్న పేజీలు అనవసరంగా బరువెక్కుతాయి.

బ్రౌజర్‌లో ముందే ఉన్నవి

ప్రశ్న కింద జవాబు విచ్చుకోవడానికి స్క్రిప్ట్, అంటే జావాస్క్రిప్ట్ కోడ్, అక్కర్లేదు. డిటైల్స్ అనే ట్యాగ్, దాని లోపల సమ్మరీ ట్యాగ్ పెడితే చాలు. 2020 జనవరిలో ఎడ్జ్ కొత్త ఇంజిన్‌కి మారినప్పటి నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఇది పనిచేస్తోంది. ఒకటి తెరిస్తే మిగిలినవి మూసుకోవాలా? అన్ని డిటైల్స్ ట్యాగ్‌లకీ ఒకే నేమ్ ఇవ్వండి. 2024 సెప్టెంబరులో ఫైర్‌ఫాక్స్ కూడా దీన్ని చేర్చుకుంది. పాత బ్రౌజర్‌లో చూస్తే మిగిలినవి మూసుకోవు, అంతకు మించి నష్టం లేదు.

ఫొటో పెద్దదవడానికి డైలాగ్ ట్యాగ్ ఉంది. క్రోమ్‌లో 2014 నుంచీ ఉన్నా, ఫైర్‌ఫాక్స్, సఫారీ 2022 మార్చిలో చేర్చాకే నిశ్చింతగా వాడుకునే స్థితి వచ్చింది. దీన్ని తెరవడానికి ఒక్క వరుస స్క్రిప్ట్ కావాలి. ఆ ఒక్క వరుసకి బదులుగా వచ్చేది చాలా ఎక్కువ. ఎస్కేప్ నొక్కితే మూసుకుంటుంది. వెనకున్న పేజీలో బటన్లు నొక్కుడుపడవు. మూశాక ఫోకస్ (కీబోర్డు పనిచేసే చోటు) మళ్లీ నొక్కిన ఫొటో దగ్గరికే వస్తుంది. ఇవన్నీ చేత్తో సరిగ్గా రాయడం ఎంత కష్టమో పాత లైట్‌బాక్స్ ప్లగిన్లు వాడినవాళ్లకి తెలుసు. వాటిలో చాలావాటిలో కీబోర్డు వాడేవాళ్లు తెర వెనక ఎక్కడో చిక్కుకుపోయేవారు.

ఫోన్ మెనూకి పాపోవర్ సరిపోతుంది. మెనూకి పాపోవర్ అని ఒక గుర్తు పెట్టి, దాన్ని తెరిచే బటన్‌కి ఆ మెనూ ఐడీ చెబితే చాలు, తెరవడం, బయట నొక్కితే మూయడం అన్నీ బ్రౌజర్ చూసుకుంటుంది. ఇది ప్రధాన బ్రౌజర్లన్నిటికీ చేరింది 2024లోనే. అందుకే పాత ఫోన్ల సంగతి అడుగుతారు. పాపోవర్ అంటే తెలియని బ్రౌజర్ ఆ గుర్తును పట్టించుకోదు కాబట్టి మెనూ మామూలుగా, తెరిచే కనిపిస్తుంది. అందం కొంచెం తగ్గుతుంది, దారి మాత్రం మూసుకోదు. కొనడానికి వచ్చిన మనిషికి కావలసింది దారి.

ఫారం దగ్గర ఒక తెలుగు చిక్కు ఉంది. తప్పనిసరి గడులు, పది అంకెల ఫోన్ నంబరు వంటివి హెచ్‌టీఎంఎల్‌లోనే చెప్పొచ్చు. గడి ఖాళీగా వదిలితే బ్రౌజరే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక బ్రౌజర్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో వస్తుంది. పేజీ అంతా తెలుగులో ఉండి, హెచ్చరిక మాత్రం ఇంగ్లిష్‌లో వస్తుంది. దీన్ని మార్చడానికి సెట్ కస్టమ్ వాలిడిటీ అనే ఫంక్షన్‌కి మన తెలుగు వాక్యం ఇవ్వాలి. అయితే ఒకసారి వాక్యం ఇచ్చాక, మనిషి మళ్లీ టైప్ చేయగానే ఖాళీ వాక్యం ఇచ్చి దాన్ని చెరిపెయ్యాలి. చెరపకపోతే గడి సరిగ్గా నింపినా ఫారం ఎప్పటికీ వెళ్లదు. ఈ ఒక్క వరుస మరిచిపోయి నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

ఆరు కోరికల్లో మూడు ఇక్కడికే తీరిపోయాయి. బయటి లైబ్రరీ నుంచి వచ్చింది ఇప్పటికి సున్నా.

ఉత్త జావాస్క్రిప్ట్

జేక్వెరీ పుట్టిన రోజుల్లో ఉత్త జావాస్క్రిప్ట్ రాయడం నరకం. ఒక్కో బ్రౌజర్‌కి ఒక్కో రకంగా రాయాల్సి వచ్చేది. ఇప్పుడా పరిస్థితి లేదు. సీఎస్ఎస్ రాసినట్టే రాసి ట్యాగ్‌ని పట్టుకోవచ్చు, క్లాసును తగిలించొచ్చు, తీసెయ్యొచ్చు, ఫెచ్‌తో సర్వర్‌ని పలకరించొచ్చు. 2022 జూన్ 15న డెస్క్‌టాప్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేశాక, ఆ పాత భయాలకి మిగిలిన చివరి కారణం కూడా పోయింది.

మా చీరల పేజీలో ఫొటో పెద్దది చేసే స్క్రిప్ట్ పది వరుసలు దాటలేదు. అరవై ఫొటోలకి అరవై చోట్ల కాపలా (నొక్కుడుని కనిపెట్టే కోడ్) పెట్టక్కర్లేదు. ఫొటోలన్నీ ఉన్న పెట్టెకి ఒక్క కాపలా పెట్టి, నొక్కింది ఏ ఫొటో అని క్లోజెస్ట్‌తో అడిగితే సరిపోతుంది. రేపు కొత్త చీర చేరినా స్క్రిప్ట్ ముట్టుకోనక్కర్లేదు.

జేక్వెరీ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఒకచోట తడబడతారు. జేక్వెరీలో మీరు వెతికిన ట్యాగ్ పేజీలో లేకపోతే ఏమీ జరగదు, నిశ్శబ్దంగా ముందుకు పోతుంది. ఉత్త జావాస్క్రిప్ట్‌లో అదే వెతుకులాట నల్, అంటే "ఏమీ లేదు" అన్న జవాబు, ఇస్తుంది. దాని మీద ఏ పని చెప్పినా ఎర్రర్ వచ్చి ఆ ఫైల్‌లో కింద ఉన్న స్క్రిప్ట్ అంతా ఆగిపోతుంది. నాలుగు పేజీలకీ ఒకే ఫైల్ పెట్టుకున్నప్పుడు, గ్యాలరీ లేని పేజీలో గ్యాలరీ కోడ్ ఎర్రర్ ఇచ్చి, దాని కిందున్న ఫారం కోడ్ కూడా పనిచేయడం మానేస్తుంది. "ఆ పేజీలో బాగానే ఉంది, ఈ పేజీలో ఎందుకు పనిచేయట్లేదు?" అనే ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఇదే. ట్యాగ్ ఉందో లేదో చూసుకుని ముందుకు వెళ్లండి. స్క్రిప్ట్ ట్యాగ్‌కి డిఫర్ పెట్టండి, అప్పుడు పేజీ మొత్తం చదివాకే స్క్రిప్ట్ నడుస్తుంది.

ఉత్త జావాస్క్రిప్ట్ అలసిపోయేలా చేసేది వడపోత దగ్గర. రంగు మారితే చీరలు మారాలి, "24 చీరలు" అన్న లెక్క మారాలి, "అన్నీ చెరిపెయ్" బటన్ కనిపించాలి, ఏమీ దొరక్కపోతే ఆ మాట చెప్పాలి. ధర మారినా ఇవే నాలుగు. అంచు మారినా ఇవే. ఒక్కటి మరిచిపోతే లెక్క 24 అంటుంది, కళ్లెదుట 9 చీరలుంటాయి. నా లెక్కలో ఒక మార్పు మూడు చోట్ల కనిపించాల్సి వస్తే లైబ్రరీ గురించి ఆలోచించే వేళ వచ్చినట్టు. అంతకు ముందు కాదు.

జేక్వెరీ

2006 జనవరిలో న్యూయార్క్‌లో జరిగిన బార్‌క్యాంప్‌లో జాన్ రెసిగ్ జేక్వెరీని పరిచయం చేశాడు. అదే ఏడాది ఆగస్టులో 1.0 వచ్చింది. ఒక తరం వెబ్ పనివాళ్లకి జావాస్క్రిప్ట్ అంటే భయం పోగొట్టింది ఇదే. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చదువుకున్నవాళ్లలో ఎందరికో మొదటి కదిలే మెనూ జేక్వెరీని పిలిచే డాలర్ గుర్తుతోనే మొదలైంది. ఆ మేలును నేను మరిచిపోను. అందుకే "జేక్వెరీ చచ్చిపోయింది" అనే మాట నాకు నచ్చదు. దాన్ని సంరక్షించేవాళ్లు ఇంకా ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో 4.0 బీటా కూడా విడుదల చేశారు.

ఎంపిక విషయానికొస్తే ఇది రెండు రకాల సైట్ల ప్రశ్న. మీ సైట్‌లో జేక్వెరీ ఇప్పటికే ఉందా? అయితే దాంతోనే రాసుకోండి. చిన్న మెనూ కోసం పక్కన ఆల్పైన్ తెచ్చి పెట్టడం ఇంట్లో బియ్యం ఉండగా అప్పు తెచ్చుకోవడం లాంటిది. డేటాటేబుల్స్, సెలెక్ట్2 లాంటి ప్లగిన్ల మీద నడిచే ఆఫీసు పేజీలు, వర్డ్‌ప్రెస్ పాత థీమ్‌లు, బూట్‌స్ట్రాప్ 4 సైట్లు ఈ కోవలోకి వస్తాయి. బూట్‌స్ట్రాప్ 2021 మేలో వచ్చిన 5తో జేక్వెరీని వదిలేసింది. 4 వాడుతున్న సైట్‌లో మాత్రం జేక్వెరీ తీసేస్తే డ్రాప్‌డౌన్లు, మోడల్‌లు ఆగిపోతాయి.

కొత్త సైట్‌కి అయితే నేను జేక్వెరీ తేను. అది ఇచ్చే సౌకర్యాల్లో చాలావరకు బ్రౌజర్‌లోకి వచ్చేశాయి. 3.7 ఫైల్ కుదించి పంపినా సుమారు 30 కేబీ. బ్రిటన్ ప్రభుత్వ సైట్ జీవోవీ.యూకే 2022లో దీన్ని తీసేసింది. దాని బృందం రాసిన ఫలితాల్లో ఎక్కువ మేలు కనిపించింది నెమ్మది ఫోన్లు, నెమ్మది నెట్‌వర్కుల మీద. అయితే ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. ఫోన్‌లో తీసిన చీర ఫొటోని అలాగే ఎక్కిస్తే అది ఒక్కటే మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. ఆ ఫొటోలు సరిచేయకుండా జేక్వెరీ తీసేసి సైట్ వేగం పెంచానంటే కొనేవాళ్లకి తేడా తెలియదు. ముందు ఫొటోలు, తర్వాతే లైబ్రరీ.

ఉన్న జేక్వెరీతోనే ఉండేవాళ్లకి నాలుగు మాటలు. మొదటిది, 3.5.0 కంటే పాతది ఉంటే మార్చండి. బయటి నుంచి వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని పేజీలో పెట్టేటప్పుడు హానికర స్క్రిప్ట్ దూరే లోపాలు అంతకు ముందువాటిలో ఉన్నాయి, 2020 ఏప్రిల్‌లో వచ్చిన 3.5.0లో వాటిని సరిచేశారు. రెండోది, వర్డ్‌ప్రెస్‌లో డాలర్ గుర్తు నేరుగా పనిచేయదు, ఇతర లైబ్రరీలతో గొడవ రాకుండా దాన్ని వదిలేసి పెడుతుంది. జేక్వెరీ అని పూర్తి పేరు రాయాలి, లేదా మీ కోడ్‌ని ఒక ఫంక్షన్‌లో చుట్టి డాలర్‌ని లోపలికి తీసుకోవాలి. మూడోది, స్లిమ్ అనే చిన్న ఫైల్ తీసుకుంటే అందులో ఏజాక్స్ (పేజీ మారకుండా సర్వర్‌తో మాట్లాడే పద్ధతి), ఫేడ్, స్లైడ్ ఉండవు. "ఫేడ్ ఇన్ ఫంక్షన్ కాదు" అనే ఎర్రర్ వస్తే మొదట ఇదే చూడండి.

నాలుగోది నా అనుభవం. ఒక స్కూలు సైట్ నెమ్మదిగా ఉందని నా దగ్గరికి వచ్చింది. తెరిచి చూస్తే జేక్వెరీ మూడుసార్లు లోడ్ అవుతోంది: థీమ్ ఒకటి, స్లైడర్ ప్లగిన్ ఒకటి, అంతకు ముందు చేసినవాళ్లు ఫుటర్‌లో అతికించింది ఒకటి. మూడూ వేర్వేరు వెర్షన్లు. చివర వచ్చింది ముందువాటిని తోసేస్తుంది కాబట్టి, ముందు దానికి తగిలించిన ప్లగిన్లు దానితోపాటే పోతాయి. స్లైడర్ ఒక్కోసారి ఎందుకు కదలదో అప్పుడు అర్థమైంది. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీని ఒకసారి రీలోడ్ చేస్తే ఇది నిమిషంలో బయటపడుతుంది.

2020 ఆగస్టులో వర్డ్‌ప్రెస్ 5.5 వచ్చినప్పుడు జరిగింది కూడా గుర్తుంచుకోదగ్గదే. జేక్వెరీ మైగ్రేట్ అనే వంతెన స్క్రిప్ట్‌ని అందులో తీసేశారు. పాత కోడ్ కొత్త జేక్వెరీలో నడవడానికి ఉన్న వంతెన అది. ఎన్నో పాత థీమ్‌లు, ప్లగిన్లు ఆ రోజే ఆగిపోయాయి. మైగ్రేట్ ఇచ్చే హెచ్చరికలు కన్సోల్‌లో కనిపిస్తుంటే వాటిని చదివి సరిచేయండి, వంతెన ఎల్లకాలం ఉంటుందనుకోకండి.

ఆల్పైన్

కేలెబ్ పోర్జియో 2019లో మొదలుపెట్టిన లైబ్రరీ ఇది. ఇప్పుడు నడుస్తున్న 3వ వెర్షన్ 2021లో వచ్చింది. కుదించాక సుమారు 15 కేబీ. స్క్రిప్ట్ ఫైల్ విడిగా రాయకుండా, హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ మీదే "ఈ పెట్టె గుర్తుపెట్టుకోవలసింది ఇది", "ఇది నిజమైతేనే కనిపించు", "నొక్కితే దీన్ని మార్చు" అని రాసుకుంటాం. ఎక్స్-డేటా, ఎక్స్-షో, ఎక్స్-ఆన్, ఎక్స్-మోడల్ తెలిస్తే పనిలో చాలా భాగం జరిగిపోతుంది. ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు.

మా వడపోతకి ఇదే ఎంచుకున్నాను. రంగు, ధర, అంచు మూడూ ఒక ఎక్స్-డేటాలో పెట్టాను. నిజాం అంచు ఎంచుకోగానే చీరలు, లెక్క, చెరిపే బటన్, "ఏమీ దొరకలేదు" అన్న మాట అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. ఉత్త జావాస్క్రిప్ట్‌లో నన్ను అలసటపెట్టిన పని ఇక్కడ కనిపించకుండా పోయింది.

అయితే ఒక పొరపాటు దారి ఉంది, ఆల్పైన్ పాఠాలు చాలావరకు ఆ దారినే చూపిస్తాయి. చీరల జాబితాను స్క్రిప్ట్‌లో పెట్టి ఎక్స్-ఫర్‌తో పేజీ మీద గీయించడం. అలా చేస్తే స్క్రిప్ట్ రాకముందు పేజీలో చీర ఒక్కటి కూడా ఉండదు. నెట్ నెమ్మదిగా ఉన్న ఊళ్లో తెల్ల పేజీ కనిపిస్తుంది. సెర్చ్ ఇంజిన్‌కి ఇచ్చే మొదటి హెచ్‌టీఎంఎల్‌లో కూడా ఏమీ ఉండదు. చీరలన్నీ మామూలు హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంచి, ఎక్స్-షోతో అక్కర్లేనివి దాచమని చెప్పండి. స్క్రిప్ట్ ఆగిపోయినా చీరలన్నీ కనిపిస్తాయి, వడపోత ఒక్కటే ఉండదు.

ఇంకో మూడు చిక్కులు తెలిసి ఉంటే మంచిది. పేజీ తెరుచుకుంటుండగా దాగి ఉండాల్సింది ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంటే ఎక్స్-క్లోక్ పెట్టి, దానికి సీఎస్ఎస్‌లో దాచే నియమం కూడా రాయాలి. ఆ నియమం రాయడం మరిచిపోయి "క్లోక్ పనిచేయట్లేదు" అనేవాళ్లే ఎక్కువ. కొలాప్స్ లాంటి ప్లగిన్లు వాడితే వాటి స్క్రిప్ట్ ట్యాగ్ ఆల్పైన్ కంటే ముందు ఉండాలి. భద్రత కోసం ఏ స్క్రిప్ట్ నడవొచ్చో బ్రౌజర్‌కి చెప్పే కఠినమైన సీఎస్‌పీ నియమాలు పెట్టిన సైట్లలో మామూలు ఆల్పైన్ నడవదు, ట్యాగ్ మీద రాసిన వాక్యాన్ని అది అక్కడికక్కడ కోడ్‌గా మారుస్తుంది కాబట్టి. అలాంటి చోట్లకి వాళ్లే వేరే సీఎస్‌పీ బిల్డ్ ఇస్తున్నారు. బ్యాంకుకో ప్రభుత్వ శాఖకో పనిచేసేవాళ్లు దీన్ని ముందే కనుక్కోవాలి, పేజీ అంతా రాశాక కాదు.

ట్యాగ్ మీద రాసే కోడ్ మూడు నాలుగు వరుసలు దాటితే చదవడం కష్టం. అప్పుడు దాన్ని ఆల్పైన్ డేటా అనే పద్ధతిలో విడి స్క్రిప్ట్‌లోకి తీసి, పేరు పెట్టి పిలుచుకోండి.

హెచ్‌టీఎంఎక్స్

కార్సన్ గ్రాస్ 2020లో విడుదల చేసిన లైబ్రరీ ఇది. దీనికి ముందు 2013లో ఆయనే చేసిన ఇంటర్‌కూలర్ జేక్వెరీ మీద ఆధారపడేది, హెచ్‌టీఎంఎక్స్‌కి ఏదీ అక్కర్లేదు. 2.0 వెర్షన్ 2024 జూన్‌లో వచ్చింది. బరువు దాదాపు ఆల్పైన్ అంతే. దీని పద్ధతి వేరు: బటన్ నొక్కితే సర్వర్ జేసన్ (ఉత్త సమాచారం రాసే పద్ధతి) కాకుండా తయారైన హెచ్‌టీఎంఎల్ ముక్కనే పంపుతుంది, హెచ్‌టీఎంఎక్స్ దాన్ని తీసుకెళ్లి చెప్పిన చోట పెడుతుంది. పీహెచ్‌పీ, జాంగో, లారావెల్ లాంటి సర్వర్ వైపు పనిముట్లు వచ్చినవాళ్లకి ఇది వరం. తెలిసిన భాషలోనే పేజీ అంతా రాసుకోవచ్చు.

"ఈ చీర ఉందా?" ఫారానికి, "మరిన్ని చూడండి" బటన్‌కి, వేలల్లో సరుకు ఉన్నప్పుడు వెతుకులాటకి ఇదే సరైన మందు. సమాచారం సర్వర్‌లో ఉంది కాబట్టి ఎలాగూ అక్కడిదాకా వెళ్లి రావాలి. మెనూ తెరవడానికి, ట్యాబ్ మార్చడానికి దీన్ని వాడకండి. ప్రతి నొక్కుడికీ సర్వర్‌కి వెళ్లి రావడం అంటే, సిగ్నల్ సరిగ్గా లేని చోట ప్రతి నొక్కుడికీ ఎదురుచూపు. సర్వర్‌కి వెళ్లే పనుల్లో కూడా "పంపుతున్నాం" అని చూపే ఇండికేటర్ తప్పకుండా పెట్టండి. లేకపోతే మనిషి అదే బటన్ నాలుగుసార్లు నొక్కుతాడు, దుకాణానికి నాలుగు ఫారాలు వస్తాయి.

అందరూ పడే గొయ్యి ఒకటుంది. సర్వర్ 400ల్లోనో 500ల్లోనో ఉన్న, తప్పు జరిగిందని చెప్పే కోడ్‌తో జవాబిస్తే 2.0 వెర్షన్ మామూలుగా దాన్ని పేజీలో పెట్టదు. ఫోన్ నంబరు తప్పని సర్వర్ 422తో చక్కగా తెలుగులో చెబుతుంది, పేజీలో మాత్రం ఏమీ కనిపించదు. ఫలానా కోడ్ వస్తే కూడా పెట్టమని సెట్టింగుల్లో చెప్పాలి. అలాగే జాంగో, లారావెల్‌లో పోస్ట్ పంపేటప్పుడు సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం మన సైట్ నుంచే వచ్చిందని నిరూపించే రహస్య గుర్తు) కూడా పంపే ఏర్పాటు చేసుకోవాలి, లేకపోతే జాంగో 403 అని, లారావెల్ 419 అని తిప్పి పంపుతాయి.

పాత జేక్వెరీ ప్లగిన్ ఉన్న పేజీలో హెచ్‌టీఎంఎక్స్ చేర్చారనుకోండి. కొత్తగా వచ్చి చేరిన ముక్కలో ఆ ప్లగిన్ దానంతటది మొదలుకాదు. ముక్క చేరిన ప్రతిసారీ హెచ్‌టీఎంఎక్స్ ఒక సంకేతం ఇస్తుంది, దాన్ని పట్టుకుని ప్లగిన్‌ని మళ్లీ మొదలుపెట్టాలి. ఆల్పైన్‌తో ఆ బాధ లేదు. కొత్తగా చేరిన ట్యాగ్‌లని అది తానే గమనిస్తుంది. ఈ రెండూ ఒకే పేజీలో బాగా కలుస్తాయి.

సర్వర్‌లో ఏమీ నడపకుండా ఉత్త ఫైళ్లే పెట్టుకునే సైట్‌కి హెచ్‌టీఎంఎక్స్‌తో పెద్ద ఉపయోగం లేదు. పెద్ద అప్లికేషన్లకి వాడే రియాక్ట్ లైబ్రరీ గురించి కూడా అడుగుతారు. ఆరు చిన్న సౌకర్యాల కోసం రియాక్ట్ వద్దు. లోపలికి వెళ్లాక ప్రతి తెరా మారుతూ ఉండే బిల్లింగ్ అప్లికేషన్ లాంటిది చేస్తుంటే అది వేరే చర్చ.

ఏది ఎంచుకున్నా తెలుగు వెతుకులాట పని మీదే

ఇది ఏ లైబ్రరీ చేసిపెట్టదు. తెలుగు సైట్లలో ఎక్కువగా విరిగేది కూడా ఇక్కడే, అందుకే కొంచెం ఆగి చెబుతాను.

"హ్యాండ్‌లూమ్" అని మీరు రాసినప్పుడు డ పొల్లుకీ లూకీ మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే "హ్యాండ్లూమ్" అని వత్తుగా మారుతుంది. కొనేవాళ్ల ఫోన్ కీబోర్డులో ఆ కనిపించని అక్షరం ఎలా కొట్టాలో చాలామందికి తెలియదు. వాళ్లు వత్తుతో కొడతారు, కంప్యూటర్ ఈ రెండు మాటలూ వేరు అంటుంది, సున్నా ఫలితాలు. వెతికే మాటలోనూ చీర పేరులోనూ పోల్చేముందు ఆ అక్షరాన్ని తీసెయ్యండి. ఒక్క వరుస కోడ్. దాని తోడు జీరో విడ్త్ జాయినర్‌ని కూడా తీసెయ్యండి.

ఐత్వం గుర్తు యూనికోడ్‌లో రెండు రకాలుగా నిల్వ ఉండొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు కలిపి. చూపుకి రెండూ ఒకటే. జావాస్క్రిప్ట్‌లో నార్మలైజ్ అనే ఫంక్షన్ రెండిటినీ ఒకే రూపానికి తెస్తుంది. ఇది కూడా పోల్చేముందు చేయవలసిందే.

పాత జేక్వెరీ పాఠాలన్నీ వెతికే గడికి కీఅప్ సంకేతం వాడమంటాయి. ఆండ్రాయిడ్ కీబోర్డుల్లో ఏ కీ నొక్కారో చాలాసార్లు సరిగ్గా తెలియదు, 229 అనే ఒకే సంఖ్య వస్తుంటుంది. కీబోర్డు సూచించిన పదాన్ని నొక్కినా, మాట్లాడి రాయించినా కీఅప్‌ని నమ్మడానికి లేదు. ఇన్‌పుట్ అనే సంకేతం వాడండి, గడిలో ఏది మారినా అది వస్తుంది. హెచ్‌టీఎంఎక్స్‌లో కూడా ట్రిగ్గర్‌గా ఇన్‌పుట్ పెట్టి, సగం సెకను ఆగమని చెప్పండి. అప్పుడు ప్రతి గుణింతానికీ సర్వర్‌కి పరుగెత్తదు.

ఇక మనుషుల సంగతి. "పట్టు" అని కొట్టేవాళ్లున్నారు, "సిల్క్" అనేవాళ్లున్నారు, "జరీ" అని, "జెరీ" అని, "అంచు" అని, "బోర్డర్" అని. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లు వీళ్లందరికంటే ఎక్కువ. ప్రతి చీరకీ ఒక దాచిన గుణంలో ఈ మాటలన్నీ రాసిపెట్టి అందులో వెతకడం మేం చేసింది. దుకాణంలో ఫోన్ ఎత్తే అమ్మాయిని కూర్చోబెట్టి "జనం ఏమని అడుగుతారు?" అని రాయించుకున్నాను. ఏ లైబ్రరీకన్నా ఎక్కువ ఫలితమిచ్చింది ఆ జాబితాయే.

ఇంకో రెండు చిన్నవి. అక్షరాల లెక్క చూపే గడి పెడితే, "స్త్రీ" అన్న ఒక్క అక్షరాన్ని జావాస్క్రిప్ట్ లెంగ్త్ 6 అంటుంది. 100 అక్షరాల హద్దు పెడితే తెలుగు రాసేవాళ్లకి అది రెండు వాక్యాలకే నిండిపోతుంది. మడిచి విప్పే పెట్టెలకి ఎత్తు పిక్సెల్స్‌లో బిగించొద్దు. ఇంగ్లిష్‌లో సరిపోయిన ఎత్తులో మన వత్తులు కింద కోసుకుపోతాయి.

ఫైల్ ఎక్కడి నుంచి తేవాలి

సీడీఎన్ అంటే ఫైళ్లని ఎన్నో సైట్లకి పంచిపెట్టే బయటి సర్వర్లు. లైబ్రరీ ఏదైనా దాని ఫైల్‌ని మీ సర్వర్‌లోనే పెట్టుకోండి. "అందరూ వాడే సీడీఎన్ నుంచి తెస్తే చూసేవాళ్ల బ్రౌజర్‌లో ముందే ఉంటుంది" అన్న వాదన ఒకప్పుడు నిజం. 2020 చివరి నుంచి క్రోమ్, 2021 నుంచి ఫైర్‌ఫాక్స్ ఒక్కో సైట్‌కి విడివిడిగా క్యాష్ (ఒకసారి తెచ్చిన ఫైళ్ల నిల్వ) ఉంచుతున్నాయి కాబట్టి ఆ లాభం పోయింది. 2024 జూన్‌లో పాలీఫిల్.ఐఓ సంగతి బయటపడింది. ఏళ్లుగా నమ్మి వాడిన ఆ డొమైన్ చేతులు మారి, లక్షకు పైగా సైట్లకి హానికర స్క్రిప్ట్ పంపింది. ఆ సైట్ల వాళ్లు ఏ తప్పూ చేయలేదు, ఒక స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టారంతే. సీడీఎన్ తప్పదనుకుంటే వెర్షన్ నంబరు పూర్తిగా రాసి, ఇంటెగ్రిటీ హాష్ కూడా పెట్టండి. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా బ్రౌజర్ దాన్ని నడపదు.

మా చీరల సైట్ చివరికి ఇలా తేలింది. మెనూ పాపోవర్, ప్రశ్నలు డిటైల్స్, ఫొటోలు డైలాగ్‌తోపాటు పది వరుసల స్క్రిప్ట్. వడపోత, వెతుకులాట ఆల్పైన్. 200 లోపు చీరలే కాబట్టి వెతకడానికి సర్వర్ దాకా వెళ్లలేదు. ఫారం హెచ్‌టీఎంఎక్స్‌కి ఇద్దామనుకుని, ఒక్క ఫారం కోసం ఎందుకని ఫెచ్‌తో ఇరవై వరుసల్లో రాశాను. స్క్రిప్ట్ నడవకపోయినా ఫారం మామూలు పద్ధతిలో వెళ్తుంది, పేజీ మారుతుందంతే. సరుకు వేలల్లోకి పెరిగితే వెతుకులాట సర్వర్‌కి మారుస్తాను, అప్పుడు హెచ్‌టీఎంఎక్స్ తెస్తాను. అప్పగించేముందు దుకాణంలో అందరికంటే పాత ఫోన్ తీసుకుని, ఒకసారి స్క్రిప్ట్ ఆపేసి, ఒకసారి నడిపించి, మెనూ నుంచి ఫారం దాకా అన్నీ నొక్కి చూశాను.